చెవిలో సూదులు, నెత్తి మీద కప్పు

మా క్వార్టరు గేటుకు ఒక ఇనుప గొళ్లెం ఉండేది. మా ఆయన ఫస్టు షిఫ్టు దిగి ఇంటికి వచ్చే వేళకు నేను కుట్టుమిషన్ తొక్కడం ఆపేసి ఆ గొళ్లెం చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఒక్క దెబ్బకు తీస్తే తాగలేదన్నట్టు. గొళ్లెం రెండు మూడుసార్లు గీరుకుంటే తాగి వచ్చినట్టు. అసలు చప్పుడే కాకపోతే ఎక్కడో పడిపోయినట్టు, లేకపోతే బాయిలో ఏదో అయినట్టు. ఈ మూడోది నా ప్రాణం తోడేసేది. సగం కుట్టిన జాకెట్టు సూది కింద అలాగే ఉండిపోయేది. చుట్టుపక్కల ఆడవాళ్లు బట్టలు ఇంకా కుట్టలేదేమని అడిగితే కరెంటు పోయిందని చెప్పేదాన్ని. నాది కాలితో తొక్కే మిషన్ అని వాళ్లకు తెలుసు, పాపం, అయినా ఏమీ అనేవారు కాదు.

గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. ఆయన బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైన మిగిలే రాతిని కప్పు అంటారు. ఆ కప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆయన పని. అంతకంటే ముందు చేసే పని ఇంకొకటి ఉంది. గడ్డపారతో కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పగులు ఉంటే డొల్లగా మోగుతుంది. ఆయన విని "మంచిగుంది" అంటేనే మిగతావాళ్లు దాని కింద కూర్చుని పని మొదలుపెడతారు. పెళ్లయిన కొత్తలో ఈ మాట చెప్పి, మా ఇంటి గోడలన్నీ వేళ్లతో కొట్టి, ఎక్కడ ఇటుక ఉందో ఎక్కడ ఉత్త సిమెంటు ఉందో చెప్పేవాడు. నాకు అన్నీ ఒకేలా వినపడేవి. అప్పుడు ఆయన చెవులంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

తాగుడు అందరిలాగే మొదలైంది. షిఫ్టు దిగాక బొగ్గు ధూళి గొంతులోంచి దిగాలని ఒక గ్లాసు. అది ఆ బజారులో ఎవరూ తప్పుగా అనుకోరు. కానీ ఒక ఎండాకాలం నుంచి ఆయన తాగే తీరు మారిపోయింది. నవ్వడానికి తాగే మనిషి, ఎవరో తరుముతున్నట్టు తాగడం మొదలుపెట్టాడు. పొద్దున లేవగానే చేతులు వణికేవి. ఎందుకని అడిగితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బాయి ముందు షిఫ్టు పని చూసే సర్దార్ నోరు వాసన చూసి వెనక్కి పంపిన రోజులు వచ్చాయి. నాగాలకు ఛార్జిషీటు కూడా వచ్చింది. ఇంకొక్కసారి అయితే నౌకరి ఉండదని యూనియన్ వాళ్లు ఇంటికొచ్చి చెప్పిపోయారు. నౌకరి పోతే క్వార్టరు పోతుంది, అది తెలుసు. కానీ నాకున్న భయం అది కాదు. ఆ వణికే చేతులతో, ఆ మొద్దుబారిన తలతో, ఈ మనిషి కప్పు కింద నిలబడతాడు. ఒక రోజు గొళ్లెం చప్పుడు కాదు, సర్దార్ వస్తాడు గేటు దగ్గరికి.

అప్పటి నుంచి ఆయన గడప దాటగానే నోరు వాసన చూడటం నాకు అలవాటైంది. చెప్పులు విప్పేలోపే దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. ఆయన పశువులా కదలకుండా నిలబడేవాడు. అది చూస్తే ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

సూదుల సంగతి చెప్పింది మా వెనక లైనులో ఉండే మెకానిక్ భార్య. ఇంట్లో దక్కనీ మాట్లాడుకునేవాళ్లు, నాతో మాత్రం మా తెలుగులోనే మాట్లాడేది. వాళ్ల తమ్ముడు తాగుడు మానడానికి ఒక చోటికి పోతున్నాడని చెప్పింది. "చెవులల్ల సన్నటి సూదులు పెడ్తరంట అక్క. పెట్టి ఊకెనే కూసోమంటరు. మావోడు ఇప్పుడు రాత్రి పండుకుంటుండు. ఫికర్ జెయ్యకు, ఒక్కసారి తోలుకపో" అంది.

నేను సూది మీద బతికే మనిషిని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చేతిలో సూదే. సూదితో బట్ట కుడతాం, ముల్లు తీస్తాం, తాగుడు ఎలా తీస్తామో నాకు అర్థం కాలేదు. ముందు నేనొక్కదాన్నే వెళ్లి చూసొచ్చాను. ఒక పాత కమ్యూనిటీ హాలు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక డాక్టరు, ఒక సిస్టరు వచ్చేవారు. డాక్టరు గోరంత కూడా గొప్పలు పోలేదు. "సూదుల తోటి తాగుడు పోతదని నేను చెప్ప. గోలీలే అసలు మందు, అవి మానొద్దు. సూదులు పెట్టుకున్నంక కొందరికి చిరాకు తగ్గుతది, నిమ్మళంగ అనిపిస్తది. అందరితోని కలిసి తాగకుండ కొంచెంసేపు కూసునుడు అలవాటైతది. గంతే" అన్నాడు. ఆ మాటలే నన్ను నమ్మించాయి. ఏ తాయెత్తు కట్టినవాడూ నాకు అంత తక్కువ మాట ఇవ్వలేదు.

గోలీలకు ఆయన ఒప్పుకున్నాడు. దవాఖానలో కొన్ని రోజులు ఉంచితే ఉన్నాడు. ఆ వణుకు, ఆ చెమటలు, మంచం మీద చీమలు పాకుతున్నాయని దులుపుకోవడం, అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చాక సూదుల మాటెత్తితే మాత్రం భగ్గుమన్నాడు.

"చెవి ముట్టనియ్య."

"ఎందుకు ముట్టనియ్యవు? చిన్నపిల్లలు గూడ కుట్టిచ్చుకుంటరు."

"నా చెవి నీకు తెల్వదు. ఒక్క నరం తెగితె కప్పు చప్పుడు ఇనవడదు. అందరిని సంపమంటవా?"

"తాగి పోతె ఇనవడుతదా?" అన్నాను.

నోరు జారానని వెంటనే తెలిసింది. ఆయన మొహం పాలిపోయింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు బొగ్గు కుంపటి దగ్గర కూర్చున్నాడు. ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో అప్పుడు నాకు తెలియదు.

డాక్టరు మాటకూ, నా ఏడుపుకూ కాని పని మా అత్త వల్ల అయింది. మా అత్త కమాన్‌పూర్ అవతల పల్లెలో ఉండేది. కొడుకు దవాఖానలో ఉన్నాడని తెలిసి సద్ది మూటతో దిగింది. చెవుల్లో సూదులు పెడతారన్న మాట చెవిన పడగానే ఆమెకు సంగతంతా తేటతెల్లమైపోయింది.

"ఇగో బిడ్డా, గిది అప్పటి దోషమే. వీనికి చెవులు కుట్టిచ్చినప్పుడు మా తమ్ముడు రాలే. పెండ్లానికి చీర పెట్టలేదని అలిగి ఇంట్లనే కూసున్నడు. మేనమామ ఒడిల కూసోకుండ కుట్టిచ్చినం. గందుకే వీడు గిట్లయిండు. దేవుడే మల్ల సూదులు పెట్టిస్తుండు. ఈపాలి మా తమ్ముడు పక్కపొంటి ఉండాలె."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇది వైద్యం అత్తా, చెవులు కుట్టే పండుగ కాదు, పోగులు పెట్టరు, కొబ్బరికాయ కొట్టరు అని ఎంత చెప్పినా వినలేదు. వింత ఏమిటంటే, ఆయన విన్నాడు. మామ అలక తీరుతుందంటే సరే పోదాం అన్నాడు. తల్లి మాట కాదనలేక అన్నాడో, ఇక తప్పించుకోవడానికి ఓపిక లేక అన్నాడో తెలియదు. నేను మాత్రం నోరు మూసుకున్నాను. ఒప్పుకున్న మనిషిని కారణం అడిగే తెలివితక్కువదాన్ని కాదు.

అనుకున్న రోజు ఆయన మేనమామ దిగాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లటి మీసాలు, కొత్త రుమాలు, మొహం నిండా పెద్దరికం. ఇన్నేళ్లకు తన విలువ తెలిసిందన్న సంబరంలో ఉన్నాడు. సంకలో తువ్వాలలో చుట్టిన ఒక సీసా ఉంది. మూతికి తాటాకు కుక్కి ఉంది. నాకు వాసన చూడాల్సిన పని కూడా లేదు.

"కాకా, గదేంది?" అన్నాను.

మామ కంటే ముందు మా అత్త జవాబిచ్చింది. "సాకకు బిడ్డా. చెవులు కుట్టినంక పోచమ్మకు సాకపొయ్యద్దా? నాలుగు సుక్కలు."

"తాగుడు మాన్పించే కాడికి కల్లు పట్టుకొస్తరా ఎవలన్న?"

"గది మందు గాదు పిల్లా, సాక" అన్నాడు మామ, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా.

నాలుగు చుక్కలు నేల మీద పోస్తారు, బాగానే ఉంది. మిగతా సీసా సంగతి? సాక పోశాక ముందు పెద్దమనిషి ఒక గుక్క తాగుతాడు, తర్వాత ఎవరి కోసం పోశారో వాడికి ఇస్తారు, వద్దంటే అమ్మవారికి కోపం వస్తుంది. మా పల్లెల్లో ఈ పద్ధతి నాకు తెలియనిదా? ఆయన వైపు చూశాను. ఆయన సీసా వైపు చూడకుండా ఉండటానికి తల తిప్పుకుని రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు. గొంతు కదలడం కనిపించింది. రచ్చ చేస్తే మామ మళ్లీ అలుగుతాడు, ఆయన వెనక్కి తిరుగుతాడు. చేయకపోతే సీసా మాతో వస్తుంది. నలుగురం ఆటో ఎక్కాం. సీసా మామ మోకాళ్ల మధ్య కూర్చుంది. దారి పొడుగునా నా కళ్లు దాని మీదే.

హాలులో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. ఒకడు డంపర్ డ్రైవరట, ఒకడు మార్కెట్లో కూరగాయలు అమ్మేవాడు, మిగతావాళ్లు బాయి మనుషులే. సిస్టరు మందమర్రి ఆడమనిషి. గట్టి గొంతు, చకచకా నడక. మామ ఆయన పక్క కుర్చీలో కూర్చుని, ఆయన చేయి పట్టుకుని, "కానియ్యిండ్రి ఇగ" అన్నాడు. పోగులు ఎక్కడని అడగలేదు, అదే నయం. మా అత్త సీసాతో బయట వేపచెట్టు కింద కూర్చుంది.

సిస్టరు కాగితం చింపి సూదులు తీసింది. దూదితో చెవులు తుడిచింది. ఆ సూదులు చూసి ఆశ్చర్యపోయాను. నా సన్న సూది కూడా వాటి ముందు మొద్దే. వెంట్రుకకు కొంచెం ఎక్కువ. ఒక్కో చెవికి ఐదు. నొప్పి ఏమీ ఉండదంటూ చకచకా పెట్టేసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. సూది దిగేటప్పుడే కాదు, అంతా అయిపోయాక కూడా అలాగే పట్టుకున్నాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడి ఒకసారి ఆయన వైపు, ఒకసారి తలుపు వైపు చూస్తున్నాను. సిస్టరు నా ముందుకొచ్చి నిలబడింది.

"అక్క, మీరు గూడ కూసోండ్రి."

"నేనా? నేనేం తాగుత?"

"తాగనక్కరలే. ఇంటోళ్లకు గూడ పెడ్తం. మీ చేతులు సూసుకున్నరా?"

చూసుకున్నాను. కొంగు చివర మెలితిప్పి మెలితిప్పి తాడులా చేశాను. నాకు ఒళ్లు మండింది. తాగినవాడూ నేనూ ఒకటేనా అనిపించింది. ఇన్నేళ్లు ఇల్లు మోసింది నేను, పరువు మోసింది నేను, చివరికి నాకూ సూదులా? అయినా ఆయనకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాను. చీమ కుట్టినట్టు చుర్రుమంది, తర్వాత చెవులు కొంచెం వేడెక్కాయి. "కండ్లు మూసుకోండ్రి. మాట్లాడొద్దు. నేను పక్క రూంల గోలీలు ఇచ్చి వస్త" అని సిస్టరు వెళ్లిపోయింది.

కళ్లు మూసుకుంటే ఆయన్ను ఎవరు చూస్తారు? అర కన్ను తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ మాట్లాడడం లేదు. దూరంగా, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగు అయింది, నేల ఒకసారి వణికి ఊరుకుంది. కిటికీ రెక్కలు గలగలమన్నాయి. ఎవరూ కళ్లు తెరవలేదు. ఎన్ని నెలలైందో నేను ఏ చప్పుడు కోసమూ ఎదురుచూడకుండా కూర్చుని. సూదుల మహిమో, అలసటో చెప్పలేను. రెప్పలు వాలిపోయాయి.

మామ గురకకు మెలకువ వచ్చింది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

మామ చేయి ఖాళీ కుర్చీ మీద పడి ఉంది, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. సిస్టరు లేదు. లేచి బయటికి పరుగెత్తాను. వేపచెట్టు కింద మా అత్త కొంగు మొహం మీద వేసుకుని పడుకుంది. ఆమె పక్కన తువ్వాల ఉంది. సీసా లేదు.

ఆ ఒక్క క్షణంలో నాకు ఆయన మీద ఎంత అసహ్యం పుట్టిందో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది. చచ్చినా పీడా పోయేది అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే ఆ మాట నిజమవుతుందేమోనని లెంపలు వేసుకున్నాను. రోడ్డు మీదికి వెళ్లి అటూ ఇటూ చూశాను. చెవుల నిండా సూదులతో ఉన్న నన్ను చూసి ఒక సైకిలాయన బ్రేకు వేసి ఆగిపోయాడు. రోడ్డు మీద ఆయన లేడు. తిరిగి వస్తుంటే హాలు వెనక నుంచి చప్పుడు వినపడింది. టక్. టక్. కొంచెం ఆగి మళ్లీ టక్.

హాలు వెనక సందులో ఉన్నాడు. చేతిలో ఒక విరిగిన చెక్క కుర్చీ కోడు. దాంతో గోడను కొట్టి, తల పక్కకు వంచి వింటున్నాడు. రెండు చెవుల్లో సూదులు అలాగే ఉన్నాయి. కాళ్ల దగ్గర సీసా ఉంది. నేను ముందు చూసింది దాని మూతినే. తాటాకు అలాగే ఉంది.

ఆయన నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "తాగుదమనే వచ్చిన" అన్నాడు. "తాగే ముందల ఒకపాలి సూసుకుందమనుకున్న, చెవులు ఉన్నయా పోయినయా అని." మళ్లీ గోడ కొట్టాడు. "ఇగో, ఇక్కడ ఇను." ఇంకో చోట కొట్టాడు. "ఇక్కడ ఇను. బ్లాస్టింగులకు సున్నం ఇడిసిపెట్టింది. లోపల బోలుగ ఉంది."

"నాకు రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి" అన్నాను.

"నాకు తేడా ఇనవడ్డది" అని, ఆ కర్ర పట్టుకునే కింద కూర్చుండిపోయాడు. ఏడవడం మొదలుపెట్టాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవగా చూడలేదు.

అక్కడ, ఆ సందులో, నాకు చెప్పాడు. ఆ ఎండాకాలంలో ఒక రోజు, ముందురోజు తాగింది దిగకుండానే బాయిలోకి పోయాడట. చెవుల్లో ఒకటే గుయ్యిమని హోరు. "కప్పు కొట్టిన. ఏం ఇనవడలే. ఒక్క ముక్క ఇనవడలే. ఇనవడలేదని ఎట్ల చెప్పుదు? అందరు నా మొకం దిక్కు సూస్తున్నరు. మంచిగుందన్న. నా మాట మీద పోయి కింద కూసున్నరు."

"ఏమైంది?"

"బువ్వ తినేటందుకు లేసి ఇవతలికి వచ్చిండ్రు. డబ్బాలు ఇప్పంగనే పడ్డది. వాళ్లు కూసున్న కాడనే పడ్డది. ఎవ్వలకు ఏం గాలే. ఏం గాలేదని ఎవ్వలు ఏం అడుగలే. బాంచెన్, పోచమ్మ కాపాడిందని నన్నే అలుముకున్నరు. అప్పటిసంది ఎప్పుడు కండ్లు మూసినా అదే. తాగితెనే చప్పుడు పోతుండె."

ఇన్నాళ్లూ ఈ మనిషి ఎక్కడ చచ్చిపోతాడో అని నేను భయపడుతున్నాను. తన వల్ల ఎవరు చచ్చిపోతారో అని ఆయన భయపడుతున్నాడు. ఒకే మంచం మీద పడుకుని ఇద్దరం రెండు భయాలు కాపలా కాశాం. తాగి పోతే వినపడుతుందా అని ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చింది. పక్కన కూర్చుని ఆయన తల నిమరబోయాను. నా వేళ్లు సూదులకు తగిలి ఆయన "అబ్బా" అన్నాడు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది.

అప్పుడే సిస్టరు వచ్చిపడింది. "ఇదేందన్నా? ఇదేందక్కా? మీ ఇద్దరి కోసం నేను బజారంత తిరగాల్నా? సూదులు పెట్టుకోని గోడలు కొట్టుకుంట కూసుంటరా ఎవలన్న?" అని తిడుతూ, మమ్మల్ని లోపలికి లాక్కుపోయి కూర్చోబెట్టి, ఒక్కొక్క సూదీ లెక్కపెట్టుకుంటూ తీసింది. సీసా సంగతి అడగలేదు. చూసే ఉంటుంది.

బయటికి వచ్చేసరికి మామ లేచి సాకకు సిద్ధమై ఉన్నాడు. మా అత్త వేపచెట్టు మొదట్లో నీళ్లు చల్లి పసుపు కుంకుమ పెట్టింది. సీసా ఏదని వెతుక్కుంటుంటే ఆయనే తెచ్చాడు. తాటాకు పీకాడు. ఆ పుల్లటి వాసన గుప్పుమంది. లాక్కుందామని చేయి లేచింది, దించుకున్నాను. ఎన్నిసార్లు లాక్కున్నాను ఆయన చేతిలోంచి? ఏం ఒరిగింది?

ఆయన వంగి పోయడం మొదలుపెట్టాడు. నాలుగు చుక్కలు పడ్డాయి. ఆగలేదు. తెల్లటి కల్లు చెట్టు మొదట్లో నురగలు కడుతూ పారింది.

"ఓరి ఓరి, సాకంటె నాలుగు సుక్కలురా!" అని మామ ముందుకొచ్చాడు.

"ఇన్నేండ్ల బాకీ ఉంది మామా, నాలుగు సుక్కలు ఏం సరిపోతయి" అన్నాడు ఆయన. సీసా బోర్లించి అడుగున తట్టాడు.

అమ్మవారికి పోసిన దాన్ని వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. మా అత్త రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. మామ ఆ తడినేల వైపు చూస్తూ గుటకలు మింగాడు. నిజం చెబుతున్నాను, ఆ ముసలాయన మీద నాకు జాలేసింది. ఇంటికి పోయాక కోడికూర వండి పెట్టాను, అయినా ఆయన మొహం వికసించలేదు.

దీంతో అంతా చక్కబడిందని చెప్తే అబద్ధం. మరునాడు ఆయన సర్దార్లకు పైవాడైన ఓవర్‌మన్ దగ్గరికి పోయి, కప్పు చూసే పని ఇప్పుడు నా వల్ల కాదు, పైన ఏదన్నా పని ఇవ్వండి అని అడిగాడు. పోతుంటే అంగీ పట్టుకుని ఆపాను, ఉన్న కాస్త నౌకరి ఊడుతుందని. ఆయన మెల్లగా నా చేయి విడిపించుకున్నాడు. ఓవర్‌మన్ నానా తిట్లు తిట్టి, చివరికి పైన దుంగలు కోసే చోట వేశాడట. బాయిలో దిగేవాడు పైన పని చేస్తే తోటివాళ్లు ఎగతాళి చేస్తారు. "ఏమన్నా, ఎండ మంచిగుందా" అని అడిగేవారట. వారానికి రెండు మధ్యాహ్నాలు మాత్రం ఇద్దరం పోయి ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. గోలీలు నేనే ఇచ్చేదాన్ని. తెలంగాణ కోసం బాయిలన్నీ బందైన రోజుల్లో, చేతిలో పని లేక, ఒకసారి జారాడు. గొళ్లెం గీరుకున్న చప్పుడుకు నా చేతిలో కత్తెర కింద పడింది. మరునాడు పొద్దున నేను అడగకముందే చొక్కా తొడుక్కుని హాలు తెరిచారేమో చూసొస్తానని బయల్దేరాడు. ఆ రోజు హాలు తెరిచే రోజు కాదు. అయినా పోయి మెట్ల మీద కూర్చుని వచ్చాడు.

సమ్మె అయిపోయిన చాలా రోజులకు ఆయన్ను మళ్లీ బాయిలోకి దింపారు. ఆయనే అడిగాడు. ఆ పొద్దున నేను సద్ది కట్టిచ్చి, గేటు దాకా పోయి సాగనంపి వచ్చాను. ఎవరి బట్టలు కుట్టానో, ఎలా కుట్టానో తెలియదు. ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపు వేశానని తర్వాత చూసుకున్నాను. షిఫ్టు దిగే వేళ దాటింది. ఎండ మండిపోతోంది. మిషన్ ఆపి కూర్చున్నాను. గొళ్లెం కదలలేదు. సర్దార్ వస్తే మొదట ఏమడగాలో కూడా మనసులో అనుకున్నాను.

ఆలస్యంగా, ఒక్క దెబ్బకు, గొళ్లెం తీసిన చప్పుడైంది.

ఒళ్లంతా మసి. కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుతూ, "సర్దార్ తోటి లొల్లైంది" అన్నాడు.

"ఏమైంది?"

"కప్పు కొట్టి సూసిన. బాగలేదన్న. అందరిని ఎనుకకు రమ్మన్న. పని ఆగింది."

"పడ్డదా మరి?"

"లే. పడలే. షిఫ్టు అయిపోయేదాక సూసినం. గట్లనే ఉంది. ఉత్తపుణ్యానికి పని ఆపినవని మస్తు తిట్టిండు."

"మల్ల నువ్వేమన్నవు?"

"నాకు ఇనవడ్డది, చెప్పిన" అన్నాడు. "రేపు గూడ ఇనవడితె చెప్త."

నీళ్లు తోడిచ్చాను. స్నానం చేసి, అన్నం తిని, చాప మీద అలా వాలాడో లేదో నిద్రపోయాడు. నేను మళ్లీ మిషన్ దగ్గరికి వచ్చి, తప్పుగా వేసిన చేతులు విప్పుతూ కూర్చున్నాను. సగం కుట్లు విప్పాక గుర్తొచ్చింది, ఆ రోజు ఆయన నోరు వాసన చూడలేదని. లేచి వెళ్లి చూద్దామా అనుకున్నాను. లేవబోయాను కూడా. గదిలోంచి ఆయన ఊపిరి నిదానంగా వినపడుతోంది. కూర్చుని, సూదికి దారం ఎక్కించుకున్నాను.